దశాబ్దపు బెస్ట్ తెలుగు సినిమాలకు ఓటింగ్ పెట్టడం ఎలా?

ప్రతి సినిమా గ్రూపులోనూ ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు: "2010ల్లో వచ్చిన వాటిలో బెస్ట్ తెలుగు సినిమా ఏది?" అంతే, అన్నం తినడం మానేసి మరీ మెసేజ్‌లు కొడతారు. సగం కలెక్షన్ల పోస్టర్లు, మిగతా సగం మీమ్స్. తెల్లారేసరికి ఇద్దరు గ్రూపు వదిలేసి ఉంటారు. జవాబు మాత్రం దొరకదు.

ఈ గొడవ మానేయమని నేను చెప్పను. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి అదే అసలు సరదా. కాకపోతే దానికో వరస ఉండాలి. రూల్స్ గురించి ఎంత కొట్టుకున్నా ఓటింగ్‌కు ముందే కొట్టుకోవాలి. సినిమాల గురించి ఎంత కొట్టుకున్నా ఫలితాలు వచ్చాక కొట్టుకోవాలి. చాలా గ్రూపుల్లో ఈ రెండూ తారుమారవుతాయి. ఓట్లు పడ్డాక "డబ్బింగ్ సినిమా లెక్కలోకి రాదు కదా" అని ఒకరు లేస్తారు. ఇక అక్కడితో ఆ లిస్టును ఎవరూ నమ్మరు.

పదిహేను నుంచి నలభై మంది దాకా ఉన్న గ్రూపును మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పదిమంది కన్నా తక్కువైతే ఓటింగ్ ఎందుకు, టీ తాగుతూ తేల్చుకోవచ్చు.

దశాబ్దం ఎక్కడ మొదలు?

2010 నుంచి 2019 అని ఒకరంటారు. సున్నా సంవత్సరం అనేది లేదు కాబట్టి 2011 నుంచి 2020 అనాలని ఇంకొకరంటారు. రెండో ఆయన లెక్కల మాస్టారు అయ్యే అవకాశం ఎక్కువ. వినడానికి ఇది పంతం కోసం చేసే వాదనలా ఉంటుంది గానీ, లిస్టు మీద దీని ప్రభావం చాలా ఎక్కువ. 2010ని కలుపుకుంటే వేదం, ప్రస్థానం, లీడర్, ఏ మాయ చేసావే, ఖలేజా, ఆరెంజ్ పోటీలో ఉంటాయి. 2011 నుంచి లెక్కపెడితే ఇవన్నీ పోయి అల వైకుంఠపురములో, కలర్ ఫోటో, మిడిల్ క్లాస్ మెలొడీస్, ఉమామహేశ్వర ఉగ్రరూపస్య వస్తాయి. రెండూ వేర్వేరు దశాబ్దాల్లా కనిపిస్తాయి.

నన్నడిగితే 2010–2019. ప్రస్థానం ఏప్రిల్‌లో, వేదం జూన్‌లో, ఏడు వారాల తేడాతో వచ్చాయి. ఆ రెండూ లేకుండా ఆ దశాబ్దపు లిస్టు వేయడానికి నాకు మనసొప్పదు. పైగా 2020 మార్చి తర్వాత హాళ్ళు మూతపడి, సినిమాలు నేరుగా ఓటీటీకి వచ్చాయి. ఇంట్లో సోఫాలో చూసినదాన్నీ, మొదటి రోజు హాల్లో విజిల్స్ మధ్య చూసినదాన్నీ ఒకే తక్కెడలో తూచడం కష్టం. మీ గ్రూపు వేరేలా అనుకుంటే అలాగే కానివ్వండి, కాకపోతే నిర్ణయం రాసిపెట్టుకోండి.

దీనికే తగులుకుని ఇంకో చిక్కుంది. సినిమా ఏ సంవత్సరానిది అనేది విడుదల తేదీని బట్టా, సెన్సార్ తేదీని బట్టా? శతమానం భవతి 2017 సంక్రాంతికి విడుదలైంది, జాతీయ అవార్డు మాత్రం 2016 సినిమాల్లో వచ్చింది. అవార్డులవాళ్ళు సెన్సార్ సర్టిఫికెట్ చూస్తారు, మనం టికెట్ చూస్తాం. ఈ సినిమా వరకు ఎటు లెక్కేసినా దశాబ్దం లోపలే ఉంటుంది గానీ, అంచుల్లో ఉన్నవాటి దగ్గర ఇది పెద్ద రగడ అవుతుంది. విడుదల తేదీ అని ఒక్క మాటలో తేల్చేయండి.

ఏవి లోపల, ఏవి బయట?

డబ్బింగ్ సినిమాలు బయటే. ఇది చెప్పినంత తేలిక కాదు. 2016లో బిచ్చగాడు తెలుగు హాళ్ళలో ఎలా ఆడిందో గుర్తున్నవాళ్ళు ఊరుకోరు. కేజీఎఫ్ అభిమానులూ ఊరుకోరు. అయినా గీత గీయాల్సిందే, లేకపోతే మీ లిస్టు సగం చెన్నైకి, బెంగళూరుకు పోతుంది.

రెండు భాషల్లో ఒకేసారి తీసినవి లోపలే. ఈగ, బాహుబలి, ఊపిరి తమిళంతో కలిపి తీశారు, ఘాజీ హిందీతో కలిపి తీశారు. ఏ మాయ చేసావే సంగతి ఇంకా స్పష్టం. తమిళంలో జంట విడిపోతుంది, తెలుగులో కలుస్తుంది. ముగింపే మన కోసం వేరుగా తీసినప్పుడు అది మన సినిమా కాదని ఎవరంటారు?

రీమేకులు కూడా లోపలే. మలయాళం దృశ్యంకి తెలుగు దృశ్యం, దబంగ్‌కి గబ్బర్ సింగ్. ఒరిజినల్ చూసినవాళ్ళు ఓటు తగ్గించుకుంటే అది వాళ్ళిష్టం. రూల్‌తో ఆపకండి.

బాహుబలి ఒకటా, రెండా? దీని మీద గంటలు గంటలు గడుస్తాయి. ఒకటిగా లెక్కిస్తే మిగతా సినిమాలకు అన్యాయం అంటారు, రెండుగా లెక్కిస్తే ఓట్లు చీలిపోతాయి అంటారు. టికెట్ రెండుసార్లు కొన్నాం కాబట్టి రెండు సినిమాలు. ఓట్లు చీలితే చీలనివ్వండి. మొదటి భాగం గొప్పదా, రెండోది గొప్పదా అన్న చర్చకు అలాగైనా ఒక లెక్క దొరుకుతుంది.

ఇక అసలైన రూల్: ప్రశ్న ఏమిటి? "బెస్ట్" అంటే ఒకరికి బాగా తీసినది, ఒకరికి పదిసార్లు చూసినది, ఒకరికి ఇండస్ట్రీని మార్చినది. ముగ్గురూ మూడు పరీక్షలు రాస్తుంటే ర్యాంకులు ఎలా ఇస్తాం? బ్యాలెట్ పైన ఒకే వాక్యం పెట్టండి. నాకు నచ్చినది ఇది: "ఆ పదేళ్ళలో ఒక్క తెలుగు సినిమా కూడా చూడని మనిషికి మీరు చూపించే పది సినిమాలు ఏవి?" దీంతో ఇష్టం, గొప్పతనం రెండూ కాస్త కాస్త కలుస్తాయి. మొహమాటానికి వేసే ఓట్లు కూడా తగ్గుతాయి.

లిస్టు తయారు చేయడం

ఖాళీ కాగితం ఇచ్చి పది పేర్లు రాయమంటే అందరికీ చివరి రెండు మూడేళ్ళే గుర్తొస్తాయి. అందులోనూ 2018 లాంటి సంవత్సరం ఉంటే చెప్పక్కర్లేదు. మార్చి చివర్లో రంగస్థలం, మేలో మహానటి, ఆగస్టులో ఒకే రోజు గూఢచారి, చి.ల.సౌ, సెప్టెంబరులో కేరాఫ్ కంచరపాలెం. వీటి వెలుగులో 2012 నాటి కృష్ణం వందే జగద్గురుం ఎవరికి కనబడుతుంది?

కాబట్టి రోజుకో సంవత్సరం తీయండి. సోమవారం 2010, మంగళవారం 2011, ఇలా పది రోజులు. ఎవరైనా ఒకరు పేరు చెప్పాలి, ఇంకొకరు "అవును, ఉండాల్సిందే" అనాలి. ఇద్దరు దొరికితే సినిమా లిస్టులోకి వస్తుంది. సంవత్సరానికి ఎనిమిది, పది తేలతాయి. లిస్టు వంద దాటకుండా చూసుకోండి, దాటితే ఎవరూ పూర్తిగా చదవరు.

జ్ఞాపకం తడుముకోవడానికి అవార్డుల లిస్టులు పనికొస్తాయి. తీర్పు కోసం కాదు, గుర్తు చేసుకోవడానికే. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు 2012లో ఈగ, 2013లో నా బంగారు తల్లి, 2014లో చందమామ కథలు, 2015లో కంచె, 2016లో పెళ్ళిచూపులు, 2017లో ఘాజీ, 2018లో మహానటి, 2019లో జెర్సీ తీసుకున్నాయి. ఈ వరస గ్రూపులో పెట్టి, నా బంగారు తల్లి ఎంతమంది చూశారో చేతులెత్తమనండి. ఆ నిశ్శబ్దం చాలా విషయాలు చెబుతుంది.

నంది అవార్డులు 2016 సినిమాలతో ఆగిపోయాయి కాబట్టి చివరి మూడేళ్ళకు అవి దొరకవు. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ అవార్డులు మొదలుపెట్టినప్పుడు 2014 నుంచి వెనక్కి లెక్కేసి ఏడాదికి మూడేసి సినిమాలను ఎంపిక చేసింది. 2018కి మహానటి, రంగస్థలం, కేరాఫ్ కంచరపాలెం. 2019కి మహర్షి, జెర్సీ, మల్లేశం. రెండో వరసను గ్రూపులో వేసి "ఇదే క్రమమా?" అని అడిగి చూడండి. జెర్సీకి ముందు మహర్షి ఏమిటని ఒకరు, మల్లేశం పైన ఉండాలని ఒకరు మొదలుపెడతారు. ఓటింగ్‌కు ముందు వేడి పుట్టించడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు.

చూడండి, మళ్ళీ చూడండి

లిస్టు అయ్యాక కనీసం నెల రోజులు గడువివ్వండి. ఈ మెట్టు చాలామంది ఎగరగొడతారు. "అన్నీ చూసినవే కదా" అంటారు. పదేళ్ళ కిందట కాలేజీ గ్యాంగ్‌తో చూసిన సినిమా, ఇప్పుడు ఒంటరిగా చూస్తే అదే సినిమాలా ఉండదు. 1 నేనొక్కడినే, ఆరెంజ్, ఖలేజా విడుదలైనప్పుడు తుస్సుమన్నాయి. తర్వాత ఆరెంజ్ రీరిలీజ్ చేస్తే హాలంతా పాటలు పాడింది. అలాగే మొదటి రోజు కుర్చీలెక్కి అరిచిన సినిమా టీవీలో వస్తుంటే పావుగంటకు రిమోట్ వెతుక్కున్న అనుభవమూ అందరికీ ఉంటుంది. పేర్లు చెప్పను, ఫ్యాన్స్ కొడతారు.

రీల్స్‌లో సీన్లు చూడటం సినిమా చూడటం కిందకి రాదని గట్టిగా చెప్పండి. చూడని సినిమాకు ఓటు లేదు. పరీక్ష పెట్టలేం కదా అంటారా? బ్యాలెట్‌లో ప్రతి సినిమా పక్కన ఒక వాక్యం కారణం రాయమనండి. చూడనివాళ్ళు "సూపర్ స్క్రీన్‌ప్లే" అని రాస్తారు. చూసినవాళ్ళు సీన్ రాస్తారు.

ఎవరికి ఏది చూడాలో తెలియకపోతే పంచిపెట్టండి. పెద్ద హీరోల సినిమాలు మాత్రమే చూసేవాళ్ళకు మిథునం ఇవ్వండి. తెర మీద బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప ఇంకెవరూ కనబడని సినిమా. చిన్న సినిమాలు మాత్రమే గొప్పవని నమ్మేవాళ్ళకు రంగస్థలం ఇచ్చి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడమనండి. అందులో హీరో చిట్టిబాబుకు సరిగ్గా వినబడదు. కథలోని పెద్ద మలుపులు అతనికి ఏది వినబడింది, ఏది వినబడలేదు అన్నదాని మీదే నడుస్తాయి. సౌండ్ మిక్సింగ్‌కు ఆ సినిమాకు జాతీయ అవార్డు ఊరికే రాలేదు. ఫోన్ స్పీకర్‌లో చూస్తే ఇదంతా పోతుంది, మిగిలేది ఇంకో పల్లెటూరి పగ కథ.

ఓటు ఎలా లెక్కపెట్టాలి?

కాస్త ఓపిక పట్టండి, మొత్తం వ్యవహారంలో కీలకమైన మెట్టు ఇదే. ఓట్లు అవే ఉన్నా, లెక్కపెట్టే పద్ధతి మారితే గెలిచే సినిమా మారిపోతుంది. నమ్మకపోతే ఈ లెక్క చూడండి.

గ్రూపులో పదకొండు మంది, పోటీలో మూడు సినిమాలు అనుకుందాం.

ఐదుగురు: రంగస్థలం మొదట, మహానటి రెండు, అర్జున్ రెడ్డి మూడు.
నలుగురు: అర్జున్ రెడ్డి మొదట, మహానటి రెండు, రంగస్థలం మూడు.
ఇద్దరు: మహానటి మొదట, అర్జున్ రెడ్డి రెండు, రంగస్థలం మూడు.

మనిషికి ఒక్క ఓటే అంటే రంగస్థలం గెలుస్తుంది, దానికి ఐదు ఓట్లు.

మొదటి స్థానానికి మూడు మార్కులు, రెండుకు రెండు, మూడుకు ఒకటి ఇస్తే? రంగస్థలంకు పదిహేను ప్లస్ ఆరు, మొత్తం 21. అర్జున్ రెడ్డికి ఐదు, పన్నెండు, నాలుగు కలిపి 21. మహానటికి పది, ఎనిమిది, ఆరు కలిపి 24. మొదటి పద్ధతిలో అట్టడుగున ఉన్న మహానటి ఇక్కడ ఫస్ట్.

ఇంకో పద్ధతి ఉంది. మొదటి ఓట్లు అన్నిటికన్నా తక్కువ వచ్చిన సినిమాను తీసేసి, దాని ఓట్లను వాళ్ళ రెండో ఇష్టానికి బదిలీ చేయడం. మహానటి తప్పుకుంటుంది, ఆ రెండు ఓట్లూ అర్జున్ రెడ్డికి పోతాయి. ఆరు, ఐదు. అర్జున్ రెడ్డి గెలుస్తుంది.

మూడు పద్ధతులు, ముగ్గురు విజేతలు. ఎవరూ మోసం చేయలేదు, ఒక్క ఓటూ మారలేదు. అందుకే పద్ధతిని ఓట్లు పడకముందే ప్రకటించాలి. తర్వాత చెబితే, మీకు నచ్చిన సినిమా కోసం ఎంచుకున్నారనే అంటారు. అనడంలో తప్పు కూడా లేదు.

ప్రపంచంలో పేరున్న ఓటింగుల్లో కూడా ఈ తేడా ఉంది. బ్రిటన్ పత్రిక సైట్ అండ్ సౌండ్ 1952 నుంచి పదేళ్ళకోసారి అన్ని కాలాల బెస్ట్ సినిమాలకు ఓటింగ్ పెడుతోంది. అక్కడ ఒక్కొక్కరూ పది సినిమాలు రాస్తారు, పదింటికీ సమానంగా ఒక్కో ఓటు. మొదటిది, పదోది అని తేడా లేదు. ఎంతమంది లిస్టుల్లో ఉందన్నదే లెక్క. 2012లో వెర్టిగో మొదటి స్థానంలో ఉంటే, 2022లో అంతకుముందు మొదటి పదిలో కూడా లేని జాన్ డీల్‌మన్ ఎక్కింది. ఓటర్ల సంఖ్య పెంచి, కొత్తవాళ్ళను పిలిచారు, ఫలితం మారింది. ఎవరిని పిలుస్తారన్నది కూడా పద్ధతిలో భాగమే.

మన గ్రూపులకు ఏది నయం? పది సినిమాలు, వరస క్రమంలో, మార్కులతో. కాకపోతే మామూలుగా ఇచ్చే 10, 9, 8... 1 వద్దు. అందులో ఒక వీరాభిమాని మొదటి స్థానం, పదిమంది ఇచ్చిన పదో స్థానాలతో సమానమవుతుంది. పదిమంది గుర్తుపెట్టుకున్న సినిమాకూ, ఒక్కరు పూనకంతో వేసిన సినిమాకూ ఒకే విలువా? దాని బదులు మొదటిదానికి 15, రెండోదానికి 14, అలా దిగుతూ పదోదానికి 6 ఇవ్వండి. అప్పుడు ముగ్గురు పదో స్థానంలో పెట్టినా 18 వస్తాయి, ఒక్కరి మొదటి స్థానాన్ని దాటేస్తుంది. క్రమానికీ విలువుంటుంది, లిస్టులో ఉండటానికీ విలువుంటుంది.

ఫైనల్ లిస్టులోకి రావాలంటే కనీసం ముగ్గురి బ్యాలెట్లలో ఉండాలి అన్న రూల్ కూడా పెట్టండి. మార్కులు సమానమైతే ఎక్కువ బ్యాలెట్లలో ఉన్నది పైన. అదీ సమానమైతే ఎక్కువ మొదటి స్థానాలున్నది పైన. అప్పటికీ తేలకపోతే ఒకే నెంబరు ఇచ్చేయండి, కొంపలేమీ మునగవు.

ఫ్యాన్స్ సంగతి

దొంగ ఓట్ల భయం ఉంటుంది. ఓటింగ్ ప్రకటించిన రాత్రికి రాత్రి గ్రూపులోకి పది కొత్త నెంబర్లు వస్తే ఎందుకొచ్చాయో మీకు తెలుసు. ప్రకటనకు ముందు ఉన్నవాళ్ళకే ఓటు అని పెట్టండి. పది సినిమాలూ నింపని బ్యాలెట్ చెల్లదు.

కొందరు తెలివిమీరినవాళ్ళు ఉంటారు. తమ హీరో సినిమా మొదట పెట్టి, మిగతా తొమ్మిదీ ఎవరూ వేయని సినిమాలతో నింపుతారు, పోటీ సినిమాకు మార్కు పడకుండా. దీన్ని ఆపడానికి "ఒక హీరోకు రెండే" లాంటి పరిమితులు పెట్టాలని చాలామంది అంటారు. నాకు సమ్మతం కాదు. ఈగ, ఎవడే సుబ్రమణ్యం, భలే భలే మగాడివోయ్, జెర్సీ నాలుగూ నిజాయతీగా నచ్చినవాళ్ళు ఉంటారు, నాని ఫ్యాన్ కాకపోయినా. దర్శకులకు పరిమితి ఇంకా అన్యాయం. ఆ దశాబ్దంలో రాజమౌళి తీసినవి మర్యాద రామన్న, ఈగ, బాహుబలి రెండు భాగాలు. పరిమితి పెడితే బాగా తీసినందుకు జరిమానా వేసినట్టు.

పరిమితి కన్నా వెలుతురు నయం. ఫలితాల తర్వాత ప్రతి బ్యాలెట్‌నూ పేరుతో, ఆ ఒక్క వాక్యం కారణాలతో సహా గ్రూపులో పెడతామని ముందే చెప్పండి. "ఈ సినిమా ఎందుకు వేశావ్ రా?" అని నలుగురిలో అడుగుతారన్న భయం ఏ రూల్ కన్నా బాగా పనిచేస్తుంది.

ఓట్లు తీసుకోవడం

వాట్సాప్ పోల్ వాడకండి. అందులో పన్నెండు ఆప్షన్లకు మించి పట్టవు. అంతకన్నా ఇబ్బంది, ఎవరు దేనికి వేశారో మామూలుగా అప్పటికప్పుడే అందరికీ కనబడుతుంది. మొదటి గంటలో ఏది ముందుంటే మిగతావాళ్ళు దాని వెనకే పోతారు. గూగుల్ ఫామ్ పెట్టండి, పది వరసలు, పక్కన పది కారణాలు. గడువు పూర్తయ్యే వరకు ఒక్కరే చూడాలి. ఆ ఒక్కరు తన ఓటు అందరికన్నా ముందే వేసి తాళం వేసుకోవాలి, లేకపోతే ఊసుపోక లెక్కలు చూసి తన ఓటు సర్దుకుంటున్నాడని అనుమానం వస్తుంది.

గడువును "ఆదివారం రాత్రి" అని రాయకండి. డల్లాస్‌లో ఉన్న బావకు ఆదివారం రాత్రి అంటే మనకు సోమవారం పొద్దున. "హైదరాబాద్ టైమ్ ప్రకారం ఆదివారం రాత్రి 10" అని రాయండి. చివరి రోజు సాయంత్రం ఒకసారి, గంట ముందు ఒకసారి గుర్తుచేయండి. ఎన్ని చెప్పినా ఇద్దరు 10 దాటాక "ఇంకా ఉందా?" అని అడుగుతారు. లేదు అనండి.

ఇప్పుడు కొట్టుకోండి

ఫలితాలను ఒకేసారి పడేయకండి. ఇరవై ఐదు నుంచి మొదలుపెట్టి, రోజుకు ఐదు చొప్పున పైకి రండి. ప్రతి సినిమా కింద దాని మార్కులు, ఎన్ని బ్యాలెట్లలో ఉంది, ఎవరైనా రాసిన ఒకటి రెండు మంచి కారణాలు పెట్టండి. మొదటి పదికి ఒక్కోదానికి ఒక్కో సాయంత్రం ఇవ్వచ్చు. జూమ్‌లో అయితే ఇంకా బాగుంటుంది. టైప్ చేసేటప్పుడు వచ్చినంత కోపం గొంతులో రాదు.

చర్చకు రెండు మూడు కట్టుబాట్లు చాలు. కలెక్షన్లు నిషేధం. ఎంత వసూలు చేసిందన్నది నిర్మాత, బయ్యర్ల సమస్య. హీరోల వ్యక్తిగత జీవితం, వాళ్ళ నాన్న, తాత, రాజకీయాలు కూడా నిషేధం. "ఓవర్‌రేటెడ్", "సెకండాఫ్ ల్యాగ్" అన్న మాటలు సీన్ పేరు చెప్పకుండా వాడకూడదు. ఏ సీన్ దగ్గర ల్యాగ్? అది తీసేస్తే ఏం పోతుంది? అలా అడిగితే చాలామంది వెనక్కి తగ్గుతారు, తగ్గనివాళ్ళు మంచి సంగతి చెబుతారు.

సీన్ చెప్పి మాట్లాడటం అంటే ఇలా ఉంటుంది. జెర్సీకి ఓటేసినవాళ్ళు రైల్వే స్టేషన్ సీన్ తెస్తారు. ముప్పై ఆరేళ్ళ వయసులో టీమ్‌లోకి ఎంపికైన అర్జున్ ఆ ఆనందాన్ని ఎవరి ముందూ చూపించలేక, ప్లాట్‌ఫాం మీద రైలు వెళుతుంటే ఆ చప్పుడులో గొంతు చించుకుని అరుస్తాడు. డైలాగ్ లేదు. పదేళ్ళ ఓటమి అంతా ఆ అరుపులో ఉంది. అటువైపు వాళ్ళు, "సీన్ గొప్పదే, కానీ మైదానంలోకి వెళ్ళాక సినిమా ఇంకో స్పోర్ట్స్ డ్రామా అయిపోయింది, ప్రతి మ్యాచ్ గెలుస్తూనే పోతాడు" అంటారు. దానికి జవాబుగా ఇంకొకరు, మ్యాచులు గెలవడం కథ కాదు, ఆడితే ఏమవుతుందో తెలిసి ఆడటం కథ అంటారు. ఇలా మూడు మాటలు నడిస్తే జెర్సీ చూడనివాళ్ళు కూడా ఆ రాత్రే చూస్తారు. "మైండ్ బ్లోయింగ్ మావా" అన్నందువల్ల ఎవరూ చూడరు.

ఒక సాయంత్రం తప్పకుండా అర్జున్ రెడ్డికి పోతుంది. దాన్ని రెండుగా విడదీయకపోతే తెల్లారినా తెగదు. ఎలా తీశారు అన్నది ఒకటి: ఆ నిడివి, ఆ నటన, సంభాషణలు జనం మాట్లాడుకునే తీరులో ఉండటం. ఏం చెప్పింది అన్నది ఇంకొకటి: అడగకుండా ముద్దు పెట్టడం, చెంపదెబ్బ, ఆ అమ్మాయికి సినిమాలో ఉన్న మాటలెన్ని. మొదటిదానిలో ఎక్కువ మార్కులు వేసి రెండోదానిలో తక్కువ వేసేవాళ్ళూ ఉంటారు, అది వైరుధ్యమేమీ కాదు. గ్రూపులో ఆడవాళ్ళుంటే ముందు వాళ్ళను మాట్లాడనివ్వండి. చాలా గ్రూపుల్లో ఈ సినిమా గురించి పదిమంది మగవాళ్ళు మాట్లాడేశాక వాళ్ళ వంతు వస్తుంది, అప్పటికి వాళ్ళు ఫోన్ పక్కన పెట్టేసి ఉంటారు.

ఇంకో పద్ధతి ఉంది, నాకు బాగా ఇష్టం. ఒక సినిమాకు ఓటు వేయనివాళ్ళలో ఒకరిని పిలిచి, ఐదు నిమిషాలు దాని తరఫున మాట్లాడమనండి. కేరాఫ్ కంచరపాలెం నచ్చని మనిషికి ఇవ్వండి. మొదట తడబడతారు. తర్వాత ఒక్కొక్కటీ బయటికొస్తుంది: విశాఖలోని ఆ పేటలో, చాలావరకు అక్కడి మనుషులతోనే తీయడం, నటన రానట్టే కనబడే మొహాలే బలం కావడం, చివర్లో నాలుగు కథలూ కలిసే తీరు. మాట్లాడటం అయ్యాక కూడా "నాకు నచ్చలేదు" అనవచ్చు. కానీ అప్పుడు ఎందుకు నచ్చలేదో కచ్చితంగా చెప్పగలుగుతారు. దీనికి ఎదురుగా, మీలో కంచరపాలెం భక్తుడెవరో చూసి వాళ్ళ చేత గబ్బర్ సింగ్ తరఫున వాదించండి. అంత్యాక్షరి సీన్ దగ్గరికి వచ్చేసరికి ఎంత పెద్ద మేధావి అయినా నవ్వేస్తాడు.

మాట జారి తిట్టుకునేదాకా వస్తే ఆ రాత్రికి ఆపేయండి. ఎవరినీ గ్రూపులోంచి తీసేయకండి, మర్నాడు వాళ్ళే మొదలుపెడతారు.

ఫలితాలు వచ్చాక ఓట్లు మార్చుకోవడం కుదరదు. "మహానటిని మర్చిపోయా, చేర్చు అన్నా" అని బతిమాలేవాళ్ళు ఉంటారు. సావిత్రి గారికి ఆ ఒక్క ఓటు లేకపోయినా ఏమీ కాదని చెప్పండి.

టాప్ 25 తో పాటు ఇంకో లిస్టు కూడా తయారుచేసి పెట్టండి, ఒకే ఒక్క ఓటు వచ్చిన సినిమాలది. ముగ్గురి బ్యాలెట్లలో ఉండాలన్న రూల్ వల్ల ఇవి పైన ఎక్కడా కనబడవు. మనమంతా పట్టించుకోని మంచి సినిమా ఉంటే ఇందులోనే ఉంటుంది. ఎవరో ఒక్కరు చందమామ కథలకు వేసి ఉంటారు, ఇంకొకరు మత్తు వదలరాకు, ఇంకొకరు మెంటల్ మదిలోకు. పక్కన వాళ్ళు రాసిన కారణం కూడా పెట్టండి. వాటిలో గ్రూపుకు ఆసక్తి కలిగించిన కారణం ఏదో చూసి, ఆ సినిమాను వచ్చే శనివారం అందరూ చూడాలని పెట్టుకోండి. ఓటు వేసిన మనిషే లింకు పంపాలి, టైమ్ చెప్పాలి. నచ్చకపోతే తిట్లు కూడా ఆ మనిషికే.